తీర్మానాల పుస్తకంలో దయ్యం

నా మొదటి దయ్యం కథ చదివి గ్రేస్ నవ్వింది.

"పెద్దమ్మా, గీ దయ్యం మొదటి లైన్లనే వచ్చి కూసున్నది. ఇగ మిగిలిన ఆరు పేజీలు అదేం జెయ్యాలె? నీకు వంట జేసి పెట్టాల్నా?"

అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న వాళ్లమ్మ జానమ్మ కూడా నవ్వింది. నాకు సిగ్గేసింది. తెల్లచీర పెట్టాను, విరబోసిన జుట్టు పెట్టాను, వెనక్కి తిరిగిన పాదాలు పెట్టాను. ఇంకేం కావాలో నాకు తెలియలేదు.

గ్రేస్ నకిరేకల్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారం ప్రార్థనకు మా ఊరు వస్తుంది. భయం కథలు చదివి ఫోనులో వినిపించే ఛానెల్ ఒకటి నడుపుతుంది. మా ఆయన పోయిన మరుసటి ఏడు, నా యాభై రెండో ఏట, నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమే. చిన్నప్పుడు పత్తి చేలో నేను చెప్పిన కథలు విని భయంతో తల్లి కొంగు వదిలేది కాదట. "గవి రాయి పెద్దమ్మా, నేను చదువుత" అని ఎనిమిది నెలల కింద మొదలుపెట్టింది.

చెప్పడం వేరు, రాయడం వేరని నాకు తెలియదు.

"చెప్పేటప్పుడు నువ్వు కండ్లు పెద్దగ జేస్తవ్, గొంతు తగ్గిస్తవ్. కాయితానికి కండ్లు, గొంతు లేవు కద. గా పని మాటలే జెయ్యాలె."

నేను 'భయమేసింది' అని రాసిన ప్రతిచోటా ఎర్రగీత కొట్టేది. "నీకు భయమైతే నాకేంది? నాకు గావాలె." ఒక ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అంది, "ఇంట్ల ఎవ్వలు లేరు. నువ్వు తాళమేసి పోయి అంగడి జేసుకొని వచ్చినవ్. తలుపు తీసినవ్. నీళ్లకుండ మీద మూత తీసి పక్కకు పెట్టి ఉంది. గంతే. దయ్యం లేదు, సప్పుడు లేదు. ఇప్పుడు జెప్పు."

నేను నవ్వేశాను. ఇంటికి వెళ్లి తాళం తీసి ముందు కుండవైపే చూశాను. మూత కుండ మీదే ఉంది. అయినా ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి నా కళ్లు అలాంటివే వెతికేవి. ఇంట్లో ఉన్న మనుషుల కంటే గుమ్మం ముందు ఒక జత చెప్పులు ఎక్కువ ఉండడం. ఎండకు కాలిపోతున్న బండ మీద ఒకే ఒక్క తడి అడుగు. రాసేదాన్ని, కొట్టేసేదాన్ని. గ్రేస్ అంతా చదివి, "మంచిగనే ఉంది గని ఊరు లేదు ఇందుల. నువ్వు నిజంగ చూసింది ఒక్కటన్న పెట్టు. జాగా పేరు రాయి. 'నేను చూసిన' అని రాయి. ఇనేటోడు గిది మా పక్క చెలకల్నే అనుకోవాలె" అంది.

నేను చూసినదొకటి ఉంది.

ఎండాకాలం మొదట్లో పత్తికట్టె పీకే కూలికి తూర్పు చెలకకు వెళ్లేవాళ్లం. ఒకప్పుడు గుర్వయ్య భూమి. ఇప్పుడు ఊరి పెద్దమనిషి జంగయ్యన్న కౌలుకు చేస్తున్నాడు. గుర్వయ్య అందులో మూడు బోర్లు వేయించాడు, నీళ్లు పడలేదు. నాలుగోది వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ నెలలోనే పురుగుల మందు తాగి పోయాడు. పన్నెండేళ్లయింది. ఆ బోరు ఇనుప పైపు మోకాలెత్తున ఇంకా నిలబడే ఉంది, దాని మీద ఒక బండరాయి.

మిట్టమధ్యాహ్నం మేమంతా బత్తాయి చెట్ల నీడకు చేరినప్పుడు, గుర్వయ్య భార్య మారెమ్మ ఊర్లోంచి నడిచి వచ్చేది. తల మీద గుర్వయ్య ఎర్ర తువ్వాల. బండరాయి పక్కకు జరిపేది. మోకాళ్ల మీద కూర్చుని, పైపు మూతికి చెవి ఆనించి, కదలకుండా ఉండేది. చాలాసేపటికి లేచి, రాయి మళ్లీ పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయేది.

ముప్పై ఏళ్లుగా ఆమె నాకు తెలుసు. ఎందుకలా చేస్తున్నావక్కా అని అడగాలి కదా. అడగలేదు. 'దొరికింది' అనుకున్నాను.

నోటుబుక్కు అయిపోయింది. మా మహిళా సంఘం తీర్మానాలు రాసే పని నాదే కాబట్టి ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంటుంది. అందులో రాశాను. చేతి అలవాటు కొద్దీ పైన తారీఖు వేశాను, ఊరి పేరు వేశాను. నేను అప్పటిదాకా ఎక్కువగా రాసింది తీర్మానాలే కదా, కథ కూడా అలాగే నడిచింది. తూర్పు చెలకలో నాలుగో బోరు దగ్గర, మిట్టమధ్యాహ్నం, ఎర్ర తువ్వాల కప్పుకున్న ఒక ఆడమనిషిని నేను కళ్లారా చూశానని రాశాను. అంతవరకు నిజం. ఆమె వినడం లేదని, ఎండిన బోరులోకి ఒక పేరు మూడుసార్లు చెబుతోందని రాశాను. ఆ పేరుగల మనిషి నాలుక మూడో మధ్యాహ్నానికి కట్టెలా ఎండిపోతుందని, మాట పోతుందని, ఆ మాటలన్నీ పైపు అడుగున చేరి గుసగుసలాడుతుంటాయని రాశాను. కథ చివర ఆమె లేచి మావైపు చూసి, పెదవులు కదిపింది. ఎవరి పేరో వినిపించలేదు. అక్కడ ఆపేశాను.

ఆపాల్సిన చోట ఆపడం అదే మొదటిసారి. నా వీపు మీద వెంట్రుకలు లేచాయి.

"నలుగురికి చదివి చూడు పెద్దమ్మా, మొహాలు చూడకు, చేతులు చూడు. మొహం మర్యాద కోసమన్న భయపడ్తది" అని గ్రేస్ అనేది. ఆ శనివారం అంగన్‌వాడీ గదిలో సంఘం కూర్చుంది. మాట్లాడుకోవాల్సినవి అయ్యాక, "ఒకటి రాసిన, ఇనుండ్రి" అని చదివాను. పన్నెండు మంది. పల్లికాయలు ఒలుస్తున్న నవనీత చేతులు ఆగిపోయాయి. నవనీత మా సంఘం లీడరు, జంగయ్యన్న కోడలు. వెనకున్నామె ఒళ్లోని పిల్లను దగ్గరికి లాక్కుంది. ఒకామె కొంగు చెవుల మీదకు లాక్కుంది. నేను పూర్తిచేశాను.

అప్పుడు నవనీత చెయ్యి చాచింది. పుస్తకం తీసుకుని, నేను ఆపిన లైను కింద సంతకం చేసింది. పక్కామెకిచ్చింది. సిరా పెట్టె తెరిచారు. మా సంఘంలో ఆ పుస్తకంలోంచి ఏది చదివినా చివర అందరూ సంతకమో వేలిముద్రో వేయాలి. పదేళ్లుగా అదే పద్ధతి. ఒకరి తర్వాత ఒకరు వరుసగా వేశారు.

'ఇది తీర్మానం కాదమ్మా, కథ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోట్లో ఆ మాట ఉంది. కానీ ఆ పన్నెండు గుర్తులు నా కథ కింద పడుతుంటే చూడాలనిపించింది. చూస్తూ కూర్చున్నాను.

పదకొండు రోజుల తర్వాత నవనీత మొగుడు ఎల్లస్వామి తూర్పు చెలకలో ట్రాక్టరు నడుపుతూ కింద పడిపోయాడు. పట్టపగలు పన్నెండింటికి. మూతి ఒక పక్కకు పోయింది. మాట రాలేదు. నల్గొండ దవాఖానకు తీసుకెళ్తే, బీపీ ఎక్కువై తలలో రక్తం గడ్డకట్టిందని డాక్టరు చెప్పాడట. నాలుక తిరగడం లేదన్న ముక్కే ఊర్లోకి వచ్చింది.

మర్నాడు జంగయ్యన్న మా గుమ్మం ముందు నిలబడ్డాడు. వెనక ఇంకో నలుగురు.

"చెల్లె, పుస్తకం తియ్యి."

"ఏం పుస్తకమన్నా?"

"మా కోడలు సంతకం జేసిన పుస్తకం."

తీసిచ్చాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాడు. నేను చదివినప్పటి కంటే ఆయన చదివినప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

"నాలుక కట్టె లెక్క ఎండుతదని నువ్వే రాసినవా?"

"రాసిన. కథ రాసినన్నా. నేనే పుట్టిచ్చిన."

"కండ్లార చూసిన అని ఉంది కద?"

"పైపు కాడ వంగుడు చూసిన. పేర్లు చెప్పుడు పుట్టిచ్చిన."

"సగం చూసినవ్, సగం పుట్టిచ్చినవ్. ఏ సగం ఏదో మాకెట్ల తెల్వాలె? నీ కొడుకు గిట్ల పండితే నువ్వు కథంటవా?"

"బాణామతి, చేతబడి గిట్ల ఉండదన్నా. డాక్టరు చెప్పిండు కద, బీపీ అని..."

అప్పుడే దవాఖాన నుంచి వచ్చిన నవనీత ఆయన వెనకనుంచి ముందుకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అరవలేదు. నన్ను నిజంగానే అడిగింది.

"అబద్ధమైతే గా దినం మాకెందుకు భయమైంది అత్తా? నా చేతులు సల్లవడ్డయ్. ఉత్త మాటకు సల్లవడ్తయా?"

ఎనిమిది నెలలుగా నేను నేర్చుకున్నది సరిగ్గా అదే. ఉత్త మాటతో చేతులు చల్లబరచడం. కానీ ఆ మాట ఆమెతో ఎలా చెప్పను?

పొద్దుగూకే వేళకు మారెమ్మ గుమ్మానికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప వేశారు. బుధవారం లోపల ఊరు దాటాలని చాటించారు. దాటకపోతే పోరగాళ్లను తాను ఆపలేనని జంగయ్యన్న అందరి ముందూ అన్నాడు. ఆ మాటకు అర్థం మా వైపు అందరికీ తెలుసు. పోవడానికి మారెమ్మకు ఎవరూ లేరు. ఒక్క కొడుకు, వాడూ చిన్నప్పుడే పోయాడు.

గ్రేస్‌కు ఫోను చేశాను. ఆమె పోలీసులకు చేసింది. కానిస్టేబులు వచ్చాడు, కంప తీయించాడు, నలుగురిని బెదిరించి వెళ్లాడు. తెల్లారేసరికి కంప మళ్లీ అక్కడే ఉంది. ఈసారి రెండు మోపులు.

ఆ కంప పక్కకు జరుపుకుని లోపలికి వెళ్లాను. చేతులు గీరుకుపోయాయి. మారెమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నా మీద ఏందో రాసినవంట నర్సీ. చదువు."

"వద్దక్కా."

"ఊరంత ఇన్నది. నేనినొద్దా?"

ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్న పేజీ తెరిచి చదివాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది. ఆమె తల వంచుకుని వింది. పేర్లు చెప్పేచోట ఆపింది.

"ఎవల పేరు జెప్త నేను? నాకెవలున్నరు, పేరు యాదికుండెటందుకు?"

నేను ఫోను ఒళ్లో పెట్టుకున్నాను.

"బోరు ఏసిన్నాడు, బండి పోయినంక, గాయన పైపుకు చెవి పెట్టిండు. మారీ, నీళ్ల సప్పుడైతాంది, ఒచ్చి ఇను అన్నడు. నేను పొయ్యి మీద కూర ఉందని పోలే. వారం దినాలకు గాయనే పోయిండు." పొయ్యిలోని బూడిద పుల్లతో కెలికింది. "నిజంగ ఇన్నడా, నా కోసం అబద్ధమాడిండా? గది తెలుసుకుందామని పోత."

"ఏమన్న ఇనిపిచ్చిందా అక్కా?"

"ఒక్కొక్క దినం ఇనిపిచ్చినట్టే ఉంటది. మళ్ల, నా నెత్తురు సప్పుడేమో అనిపిస్తది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "ఇగ చదువు, చివరకేమైతదో" అంది. చదివాను. "నేను మీదిక్కు చూస్తనా? ఎప్పుడు చూసిన? ఎవలన్న పలకరిస్తరేమోనని నేనే తల దించుకొని పోత" అంది. అది కూడా నేను పుట్టించిందే.

బుధవారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు ఊరు చేరింది. నేను లేచి నిలబడి, కథ ఎక్కడెక్కడ ఎలా అల్లానో విప్పి చెప్పబోయాను. నాలుక ఎండడం ఎక్కడిదంటే, జ్వరంలో మా ఆయన నాలుక చూసి రాశాను. గుసగుస ఎక్కడిదంటే, ఖాళీ బిందెలో గాలి. దయ్యాన్ని పూర్తిగా చూపిస్తే భయం పోతుందని గ్రేస్ అనేది, ఇక్కడ పోలేదు. ఒక్కోటి చెబుతుంటే జనం ఇంకా దగ్గరికి జరిగారు. మా ఆయన కూడా అలాగే పోయాడా అని ఎవరో గుసగుసలాడారు.

మాటలతో కాదని అర్థమైంది.

"అన్నా, నేను రాసినట్టే చేసి చూద్దాం. ఆమెతోని నా పేరు చెప్పియ్యి గా పైపుల. మూడుసార్లు. మూడో మధ్యాహ్నం నా నాలుక చూడుండ్రి. ఎండితే మీ ఇష్టం. ఎండకపోతే ఆమె గుమ్మం కాడికి ఎవ్వలు పోవద్దు."

జంగయ్యన్న నా వైపు తిరిగాడు. "నీకేమన్నయితే?"

"అయితే నేను రాసింది నిజమేనాయె."

తూర్పు చెలకలో జనం దూరంగా, బత్తాయి చెట్ల దగ్గరే నిలబడిపోయారు. మారెమ్మ, నేను మాత్రమే బోరు దాకా వెళ్లాం. రాయి నేనే జరిపాను.

"వద్దు నర్సీ, నా నోటితోని ఏందిది?"

"చెప్పక్కా. నీ ఇల్లు నిలవాలె."

ఆమె వంగింది. పన్నెండేళ్లుగా చెవి పెట్టిన చోట నోరు పెట్టింది. "నర్సింగమ్మ" అంది. నా పేరు ఆ ఇనుములో కిందకు జారుతూ సన్నబడింది. రెండోసారి అంది. మూడోసారి కూడా అంది. ఈసారి లోపల ఎక్కడో ఆ పేరు దేనికో తగిలి ఆగినట్టనిపించింది.

ఆ కథ నేను ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాశానో నాకు తెలుసు. 'మూడో' అన్న మాట కొట్టేసి 'ఏడో' అని రాసి, మళ్లీ 'మూడో' అని మార్చాను. వారమంటే వినేవాళ్లు ఆగలేరని. అంత తెలిసినా ఆ సాయంత్రానికే నా నోరు ఎండడం మొదలైంది. బిందెడు నీళ్లు తాగాను. అద్దంలో నాలుక చూసుకున్నాను. గురువారం అన్నం ముద్ద దిగలేదు. పేరు పిలుస్తారేమోనని భయం వేసింది. ఎవరైనా "నర్సింగమ్మా" అంటే పలకడానికి ముందు ఒక క్షణం ఆగేదాన్ని. నేను రాసిన వాక్యాలు ఒక్కొక్కటే, నేను రాసిన వరసలోనే, నా మీదకు వచ్చాయి.

నవనీత రోజూ మధ్యాహ్నం వచ్చి గడప బయట నిలబడేది. "నాలుక చూపియ్యి అత్తా." చూపించేదాన్ని. "ఇంకింత బయటికి." పిల్లల డాక్టరులా చూసి వెళ్లేది. రెండోరోజు వెళ్తూ, "జర నీళ్లు తాగు" అంది. ఎల్లస్వామి మాటే ఆమెకు కావాలి, నా చావు కాదు. అది నాకు అర్థమైంది.

శనివారం పన్నెండింటికి మా వాకిట్లో అడుగు పెట్టే జాగా లేదు. జంగయ్యన్న ముందు కూర్చున్నాడు. నోరు తెరవమన్నారు. తెరిచాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. వేలితో నా నాలుక ముట్టి, ఆ వేలు వెలుతురులో పట్టుకున్నాడు. తడిగా ఉంది.

"మాట్లాడు" అన్నాడు.

"మారెమ్మక్క గుమ్మం ముందర కంప తియ్యుండ్రి" అన్నాను.

తీశారు. మాట మీద నిలబడే మనిషి జంగయ్యన్న. తానే గొడ్డలి పట్టుకెళ్లి ఆ రెండు మోపులూ కొట్టి, పొయ్యిలోకని ఆమె పెరట్లోనే వేయించాడు. ఎల్లస్వామి నెల తర్వాత ఇంటికొచ్చాడు. రెండు మూడు మాటలు వస్తున్నాయి, ముద్దగా.

మారెమ్మకు ఇల్లు దక్కింది. నా విషయం వేరేగా తేలింది. నాట్ల కాలంలో కూలికి వెళ్తే ఒకామె నవ్వుతూనే అంది, "ఆమె చెప్పినా నీకేం కాలేదంటే, నువ్వు ఆమె కన్న పెద్దదానివేనేమో నర్సింగక్కా." ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. అందరూ నారు వైపు చూశారు. సంఘంలో కొత్త పుస్తకం తెచ్చారు. నవనీతే రాసుకుంటోంది. నా చేతి నీళ్లు ఎవరూ తాగడం లేదు, మారెమ్మ తప్ప.

గ్రేస్ వచ్చి చాలాసేపు ఏడ్చింది. "నేనే చెప్పిన కద పెద్దమ్మా, నిజంగ చూసింది పెట్టుమని."

"నువ్వు చెప్పింది తప్పు కాదు బిడ్డా. నేను అడగకుండ తీస్కున్న."

ఆ కథ ఆమె అడగలేదు, నేను పంపలేదు.

ఇంకొక సంగతి ఉంది. నాలుగో బోరును అలా వదిలేయడం మంచిది కాదని జంగయ్యన్న కంకర పోయించి, పైన సిమెంటు వేయించాడు. చెడు తలపుతో కాదు. ఇక ఎవరి మీదా ఏ మాటా రాకూడదని. ఆ పని జరుగుతున్న రెండు రోజులూ మారెమ్మ ఇంట్లోంచి బయటకు రాలేదు. మూడో రోజు నన్ను తోడు రమ్మంది. వెళ్లాం.

పైపు లేదు. చాటంత నున్నటి సిమెంటు పలక ఉంది, దాని మీద పుల్లతో గీసిన గీతలు. మారెమ్మ కూర్చుని, అరచేత్తో దాన్ని తడిమింది. చెవి పెట్టలేదు.

"ఏందో రాసిండ్రు. ఏముంది నర్సీ?"

"తారీఖు."

"గంతేనా? గాయన పేరు లేదా?"

"లేదక్కా."

"నువ్వు రాయరాదు?"

నేను వంగి చూపుడు వేలితో ఒత్తి చూశాను. గోరు కూడా దిగలేదు. పక్కన దొరికిన మొలతో గీకాను. తెల్లటి పొడి లేచింది, గాలికి పోయింది. ఆమె నా చేతి వైపే చూస్తూ కూర్చుంది. 'గు' అన్న అక్షరం మొదటి గీత దగ్గరే చాలాసేపు గీకుతూ ఉండిపోయాను.